అమెరికా నుంచి సామాను పంపేటప్పుడు మూవర్స్‌కి టిప్పు: ఎంత, ఎవరికి, ఎప్పుడు?

మీరు రాసింది ఇదీ: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మూడు బెడ్‌రూముల టౌన్‌హౌస్ ఖాళీ చేసి కొండాపూర్ వచ్చేస్తున్నారు. 20 అడుగుల కంటైనర్, నలుగురు మనుషులు, రెండు రోజుల పని, కొటేషన్ తొమ్మిది వేల డాలర్లు. రెస్టారెంట్లో ఇచ్చినట్టు 15, 20 శాతం ఇవ్వాలా అని మీ అనుమానం. ఇంత బిల్లు కట్టాక మళ్ళీ టిప్పేమిటని మీవారి వాదన. హైదరాబాద్‌లో దించేవాళ్ళకి కూడా ఇవ్వాలా అన్నది ఇద్దరి సందేహం. నేను చాలా ఏళ్ళు న్యూజెర్సీలో ఓవర్‌సీస్ మూవింగ్ కంపెనీ డిస్పాచ్‌లో, అంటే ఏ ఇంటికి ఎవరిని పంపాలో చూసే చోట, పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో అవే కంటైనర్లు దిగే వైపు చూసుకుంటున్నాను. రెండు చివర్లా మనుషులు నాకు తెలుసు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు సూటిగా జవాబు. శాతం లెక్క పూర్తిగా పక్కన పెట్టేయండి. మనుషులెందరు, ఎన్ని గంటలు, పని ఎంత కష్టం, ఇవే చూడండి. మీ పనికి న్యూజెర్సీలో మనిషికి రోజుకి 40 డాలర్లు, ఫోర్‌మన్‌కి రోజుకి ఇంకో 20 ఇస్తే నిండుగా ఉంటుంది. నలుగురికి రెండు రోజులంటే 320, ఫోర్‌మన్‌కి పైన 40, వెరసి 360 డాలర్లు. అంత వీలు కాకపోతే మనిషికి రోజుకి 25 చొప్పున 200 ఇచ్చినా ఎవరూ చిన్నబుచ్చుకోరు. కొండాపూర్లో సామాను పైకి చేర్చి, పెట్టెలు విప్పి, మంచాలు బిగించి ఇచ్చేవాళ్ళకి మనిషికి 300 నుంచి 500 రూపాయలు.

శాతం ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. తొమ్మిది వేలలో 20 శాతమంటే 1,800 డాలర్లు. మీ బిల్లులో ఏమేమున్నాయో ఒకసారి చూడండి. ఓడ కిరాయి, పోర్టులో టెర్మినల్ చార్జీలు, ఖాళీ కంటైనర్‌ని మీ గుమ్మం దాకా తెచ్చి నిండాక మళ్ళీ పోర్టుకి లాక్కెళ్ళే ట్రక్కు, అట్టపెట్టెలు, కాగితం, ముంబయి దగ్గర న్హవా షెవాలో దించడం, అక్కణ్ణుంచి హైదరాబాద్ దాకా రైలో లారీనో, కస్టమ్స్ పని చేయించే క్లియరింగ్ ఏజెంటు ఫీజు, చివరికి ఇంటికి డెలివరీ. మీ ఇంట్లో రెండు రోజులు చెమటోడ్చే నలుగురి కూలి ఇందులో ఒక మూల ఉంటుంది. 2021లో ఓడ కిరాయిలు ఆకాశాన్నంటాయి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే ఇల్లు, అదే సామాను, అదే నలుగురు, బిల్లు మాత్రం ఎక్కడికో పోయింది. ప్యాకర్ల కూలి ఆ లెక్కన పెరగలేదు. ఓడ ధరని బట్టి టిప్పు పెరగడం, తగ్గడం ఏం న్యాయం?

ఈ శాతం మాట లోకల్ మూవింగ్ నుంచి వచ్చింది. ఎడిసన్ నుంచి పక్క ఊరికి మారితే గంటల లెక్కన బిల్లు వేస్తారు, అందులో ఎక్కువ భాగం మనుషుల కూలే. అక్కడ శాతానికి కొంత అర్థం ఉంది. సముద్రం దాటే సామానుకి లేదు.

ఇక మీవారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే, దాటవేయను. టిప్పు ఇవ్వాలని ఏ చట్టమూ లేదు, ఇవ్వకపోతే మీ సామాను ఆగదు, ఆపే హక్కు ఎవరికీ లేదు. కానీ అమెరికాలో ఈ పనికి టిప్పు ఆనవాయితీ. 2025లో టిప్పుల మీద ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయింపు తెచ్చినప్పుడు, టిప్పులు మామూలుగా అందే వృత్తులంటూ ట్రెజరీ శాఖ ఒక జాబితా తయారుచేసింది. అందులో ఇళ్ళ సామాను తరలించేవాళ్ళు కూడా ఉన్నారు. మీరు కట్టిన తొమ్మిది వేలు కంపెనీకి. టిప్పు ఆ మనిషికి. రెండూ వేర్వేరు చేతులకి వెళ్తాయి. కంపెనీకి కట్టిన డబ్బు చూసి ఆ మనిషికి ఎక్కువ ఇవ్వనక్కర్లేదు, కట్టేశాం కదా అని మానేయనక్కర్లేదు.

ఆ మనిషి చేసే పనేమిటో దగ్గరగా చూస్తే మీవారి మనసు మారుతుందని నా నమ్మకం. మొదటి రోజు వంటింట్లో సర్దే ప్యాకర్ని కాసేపు గమనించండి. పింగాణీ సామానుకి డిష్‌ప్యాక్ అని మందపాటి అట్టతో చేసిన పొడవాటి పెట్టె తీసుకుంటాడు. అడుగున నలిపిన కాగితంతో జానెడు మెత్త వేస్తాడు. ఒక్కో పళ్ళేన్ని తెల్ల న్యూస్‌ప్రింట్ కాగితంలో చుట్టి, మూడు నాలుగు కలిపి మళ్ళీ ఒక కట్టగా చుట్టి, పెట్టెలో అంచు మీద నిలబెడతాడు. పడుకోబెట్టడు. పడుకోబెట్టి దొంతరగా పేరిస్తే పైవాటి బరువంతా అడుగు పళ్ళెం మీద పడి, ఓడ కుదుపులకి ముందు పగిలేది అదే. సందుల్లో కాగితం కుక్కి, పెట్టెని రెండు చేతులతో పట్టి మెల్లగా ఊపి చూస్తాడు. లోపల గలగలమంటే విప్పి మళ్ళీ సర్దుతాడు. మన ఇళ్ళల్లో పనిచేసి అలవాటున్నవాడైతే వెట్ గ్రైండర్ దగ్గర ఆగి, రాళ్ళు బయటికి తీసి విడిగా చుడతాడు. రాయి లోపలే ఉంచి పంపితే దారి పొడుగునా డ్రమ్ముని కొడుతూనే ఉంటుంది. ఇలా పనిచేసినవాడికీ, గిన్నెలన్నీ ఒక పెట్టెలో గుమ్మరించి టేపు వేసినవాడికీ ఒకే టిప్పు ఇవ్వమని నేను చెప్పను.

రెండో రోజు లోడింగ్. కంటైనర్ చాసిస్ మీద, అంటే ట్రక్కు లాగే చక్రాల చట్రం మీద, ఉంటుంది. దాని నేల మన నేల మీంచి నాలుగడుగుల పైనే ఉంటుంది కాబట్టి ప్రతి వస్తువూ ర్యాంపు మీదుగా పైకెక్కాలి. ట్రక్కు డ్రైవరు ఉచితంగా వేచి ఉండేది మామూలుగా రెండు గంటలు, ఆపైన గంటకింత అని వెయిటింగ్ పడుతుంది. అంచేత ముందురోజు సర్దిన పెట్టెలన్నీ వీళ్ళు ఉరుకుల పరుగుల మీద ఎక్కించాలి, అయినా గోడ కట్టినట్టు నేల నుంచి కప్పు దాకా సందు లేకుండా పేర్చాలి. జూలైలో ఆ ఇనప పెట్టె లోపలికి ఒక్క నిమిషం వెళ్ళి చూడండి, మిగతాది నేను చెప్పక్కర్లేదు.

అంకెలు ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అంటే, నా అభిప్రాయం ఇది. పది ఇరవై పెట్టెలు మాత్రమే పంపుతూ ఇద్దరు మనుషులు రెండు మూడు గంటల్లో ముగిస్తే మనిషికి 20 చాలు. ఎనిమిది గంటల పూర్తి రోజుకి 40 మంచి అంకె. లిఫ్టు లేని మూడో అంతస్తు, మంచు, వానా, పియానోలాంటి బరువు, చెక్క క్రేటు అక్కడికక్కడే కొట్టాల్సి రావడం లాంటివి ఉంటే 50, 60 దాకా వెళ్ళండి. అంతకు మించి ఇవ్వడం మీ ఇష్టం, కానీ ఇవ్వాలేమో అన్న మొహమాటంతో ఇవ్వకండి. దేశం మారేటప్పుడు చేతిలో డబ్బు ఎంత వేగంగా కరిగిపోతుందో నాకు తెలుసు.

ఎంత అన్నదానికంటే ఎలా ఇచ్చారన్నది ముఖ్యం. ఎవరి డబ్బు వాళ్ళ చేతికి ఇవ్వండి. మొత్తం ఫోర్‌మన్‌కిచ్చి 'అందరూ పంచుకోండి' అంటే చాలామంది ఫోర్‌మన్లు నిజాయితీగానే పంచుతారు. కానీ పంచని చోట ఆ సంగతి మీకెప్పటికీ తెలియదు, కొత్తగా చేరిన కుర్రాడు అడగనూ లేడు. అమెరికాలో 2018 మార్చిలో ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్టుకి చేసిన సవరణ ప్రకారం కార్మికుల టిప్పులో యజమానిగానీ, మేనేజర్లూ సూపర్‌వైజర్లూగానీ వాటా తీసుకోకూడదు. మీరు నేరుగా చేతికిస్తే ఈ చట్టం దాకా వెళ్ళే అవసరమే రాదు. అదే కారణంతో టిప్పుని ఇన్‌వాయిస్‌లో కలిపి కార్డు మీద కట్టొద్దంటాను. ఇన్‌వాయిస్‌లో 'గ్రాట్యుటీ' (అక్కడ టిప్పుకే ఇంకో పేరు) అని ముందే ఒక పద్దు ఉంటే, ఆ డబ్బు ఎవరికి వెళ్తుందో కంపెనీని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అది క్రూకే, అంటే మీ ఇంట్లో పనిచేసినవాళ్ళకే, వెళ్తుంటే మళ్ళీ ఇవ్వక్కర్లేదు.

ఇచ్చేది పని ముగిశాక. పొద్దున్నే ఇచ్చేస్తే బాగా చేస్తారని కొందరి ఆలోచన. నాకది నచ్చదు, అది టిప్పులా కాక బయానాలా ఉంటుంది. కాకపోతే మీది రెండు రోజుల పని. మొదటి రోజు వచ్చినవాళ్ళే రెండో రోజూ వస్తారన్న భరోసా లేదు. డిస్పాచ్‌లో మేం పొద్దున్నే మనుషుల్ని అటూ ఇటూ మార్చేవాళ్ళం, ప్యాకింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్ళు ఒకరు, లోడింగ్ వాళ్ళు వేరొకరు. అందుకని మొదటి రోజు మధ్యాహ్నం ఫోర్‌మన్‌ని అడగండి, 'రేపు కూడా మీరేనా?' అని. కాదంటే ఆ రోజుది ఆ రోజే ఇచ్చేయండి.

నోట్ల సంగతి మరిచిపోకండి. 20 డాలర్ల నోట్లు కావాలి. వెళ్ళేముందు బ్యాంకు పనులు ముగించుకునే హడావిడిలో ఇది జారిపోతుంది. తెచ్చిన డబ్బు, పాస్‌పోర్టులు, టికెట్లు, పిల్లల సర్టిఫికెట్లు, నగలు, మందులు అన్నీ ఒక సంచిలో పెట్టి, ఆ సంచి ఇంట్లో కాదు, తాళం వేసిన కారు డిక్కీలో ఉంచండి. ప్యాకర్లు వేగంగా పనిచేస్తారు, ఇంట్లో కనిపించిందల్లా పెట్టెలోకి వెళ్తుంది. చెత్తబుట్ట చెత్తతో సహా హైదరాబాద్ చేరడం మా పనిలో అందరికీ తెలిసిన కథే. మీ పాస్‌పోర్టులు కంటైనర్లో వెళ్ళాయంటే మీరు వెళ్ళలేరు.

ఎవరికి ఇవ్వనక్కర్లేదో కూడా చెప్పాలి. సామాను చూసి కొటేషన్ ఇచ్చిన సర్వేయరుకి, ఫోన్లో మాట్లాడే కోఆర్డినేటరుకి వద్దు. కంటైనర్ తెచ్చే ట్రక్కు డ్రైవరు వేరే కంపెనీ మనిషి, లోడింగ్‌లో చెయ్యి వెయ్యడు. మంచినీళ్ళ సీసా ఇవ్వండి చాలు.

తిండి. పొద్దున ఒక కూలర్లో ఐసు వేసి నీళ్ళ సీసాలు, గేటరేడ్ పెట్టండి. మధ్యాహ్నం పిజ్జా తెప్పించాలనుకుంటే ముందే ఒక మాట అడగండి, కొందరు పంది మాంసం తినరు, కొందరు ఆ పూట ఉపవాసం ఉంటారు, చాలామంది సొంత డబ్బా తెచ్చుకుంటారు. మనవాళ్ళు పులిహోరో, ఇడ్లీయో పెట్టిన ఇళ్ళ గురించి మా కుర్రాళ్ళు ఎంతో ఇష్టంగా చెప్పేవాళ్ళు. కానీ భోజనం పెట్టాం కాబట్టి టిప్పు అక్కర్లేదనుకోవద్దు. బీరు అసలు వద్దు, పనిలో తాగితే వాళ్ళ ఉద్యోగం పోతుంది, తర్వాత తాము వచ్చిన బండి నడపాల్సిందీ వాళ్ళే. ఇంకొకటి, ఎవరూ రాయని సంగతి: బాత్రూమ్ వాడుకోమని వాళ్ళు అడగకముందే మీరే చెప్పండి. ఒక సబ్బు, ఒక పేపర్ టవల్ చుట్ట చివరిదాకా ప్యాక్ చేయనివ్వకండి. రోజంతా బయట ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఇబ్బంది పడే మనుషులకి ఈ ఒక్క మాట చాలా పెద్ద మర్యాద.

ఖాళీ చేసే ఇంట్లో బోలెడు మిగులుతాయి. అమెరికా మిక్సీ, మైక్రోవేవ్ 120 వోల్టులవి, మన 230 వోల్టుల కరెంటు మీద నేరుగా పనిచేయవు కాబట్టి చాలామంది వదిలేస్తారు. బియ్యం బస్తా సగం మిగిలి ఉంటుంది. ఇవి క్రూకి కావాలంటే తప్పకుండా ఇవ్వండి, కానీ టిప్పు బదులుగా కాదు. ఇచ్చినప్పుడు ఒక కాగితం మీద 'ఈ వస్తువులు మేమే ఇచ్చాం' అని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. కస్టమరు ఇంట్లోంచి వస్తువుతో బయటికొచ్చిన కుర్రాణ్ణి ఆఫీసులో ప్రశ్నించే పరిస్థితి రాకూడదు. కొన్ని కంపెనీలు ఇలాంటివి తీసుకోవద్దనే నియమం పెడతాయి, అలాగైతే బలవంతం చెయ్యకండి.

పనిచేసిన కుర్రాళ్ళ పేర్లు అడిగి రాసుకోండి. వారం తర్వాత కంపెనీకి ఒక ఈమెయిల్, రివ్యూలో రెండు వాక్యాలు: ఫలానా ఫలానా వచ్చారు, ఇలా చేశారు అని. టిప్పు ఆ సాయంత్రానికి ఖర్చయిపోతుంది. పేరుతో వచ్చిన మెచ్చుకోలు డిస్పాచ్ బోర్డు మీద అంటిస్తారు, తర్వాత మంచి పనులకి ముందు వాళ్ళనే పంపుతారు. నేను ఆ బోర్డు ముందు కూర్చున్న మనిషిని కాబట్టి ఇది ఖాయంగా చెప్పగలను.

మీవారి కంపెనీ ఖర్చు భరిస్తుంటే ఒక మాట. రీలొకేషన్ ప్యాకేజీల్లో టిప్పు సాధారణంగా ఉండదు, అది మీ జేబులోంచే. హెచ్‌ఆర్‌ని ముందే అడిగి చూడండి, ఇస్తామంటే రసీదు ఏ రూపంలో కావాలో కనుక్కోండి.

పని బాగోలేకపోతే? ఆలస్యంగా వచ్చి, ఫోన్లలో ఉండి, గోడలు గీరి వెళ్ళినవాళ్ళకి తక్కువ ఇవ్వడానికీ, అసలు ఇవ్వకపోవడానికీ మీకు పూర్తి హక్కుంది. అయితే నలుగురిలో ఒకడు సరిగా చేయకపోతే మిగతా ముగ్గురికీ కోత పెట్టకండి. చేతికి ఇచ్చే పద్ధతిలో ఉన్న ఇంకో సుఖం ఇదే. 'టిప్పు ఇస్తేనే ట్రక్కు కదులుతుంది' అనే మాట ఎవరైనా అంటే అక్కడే నిలబడి ఆఫీసుకి ఫోన్ చేయండి. అమెరికాలో ఓవర్‌సీస్ మూవింగ్ చేసే కంపెనీలకి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ లైసెన్సు కావాలి, ఫిర్యాదులు కూడా అక్కడ తీసుకుంటారు. ఆ పేరు ఎత్తగానే స్వరం మారిపోవడం నేను చూశాను.

ఇప్పుడు హైదరాబాద్ వైపు. ఇక్కడే మనవాళ్ళకి ఎక్కువ చిక్కు వస్తుంది, ఎందుకంటే ఇక్కడ మూడు రకాల డబ్బు కలగాపులగం అయిపోతుంది: న్యాయమైన చార్జీ, సంతోషంతో ఇచ్చే బక్షీసు, లంచంగా అడిగే మామూలు. మూడూ వేరు.

కొండాపూర్లో మీ ఇంటికి వచ్చేది న్యూజెర్సీ కంపెనీ మనుషులు కాదు. వాళ్ళ డెస్టినేషన్ ఏజెంటు, అంటే ఇక్కడి కంపెనీ. ఎడిసన్‌లో మీరిచ్చిన టిప్పు సంగతి వీళ్ళకి తెలియదు, దానిలో వీళ్ళకి వాటా లేదు. కంటైనర్ సనత్‌నగర్ ఐసీడీ (ఓడరేవుకి దూరంగా ఊళ్ళో ఉండే కంటైనర్ డిపో) లాంటి చోట దిగి, కస్టమ్స్ అయ్యాక సామాను డీసీఎం వ్యానులోకో చిన్న బండ్లలోకో మారుతుంది. నగరంలో పగటిపూట పెద్ద లారీలకి ఆంక్షలున్నాయి, అపార్టుమెంటు గేట్లో కంటైనర్ పట్టదు. అంచేత మీ సామాను వీళ్ళ చేతుల్లో ఒకసారి కాదు, రెండుసార్లు ఎక్కి దిగుతుంది.

డెలివరీ రోజు గొడవలన్నీ ఒకే చోట పుడతాయి. 'సార్, నాలుగో ఫ్లోరు, లిఫ్టులో సోఫా పట్టదు, మెట్ల మీద మోయాలి, ఐదు వేలు అదనం.' ఇది టిప్పు కాదు, చార్జీ. ఇవ్వాలో వద్దో మీ కొటేషన్ చెప్పాలి. కాబట్టి ఇప్పుడే, అంటే ఎడిసన్‌లో సంతకం పెట్టకముందే, కొటేషన్‌లో ఇవి రాయించండి: ఏ అంతస్తు దాకా డెలివరీ, మెట్లు కూడా కలిపేనా, పెట్టెలు విప్పి పెడతారా, మంచాలు బిగిస్తారా, ఖాళీ అట్టలూ కాగితాలూ తీసుకెళ్తారా. సొసైటీ వాళ్ళు సర్వీసు లిఫ్టు ఏ వేళల్లో ఇస్తారో, మూవ్-ఇన్ డిపాజిట్ ఎంతో కనుక్కుని ఏజెంటుకి ముందే చెప్పండి. ఇవి రాసి ఉంటే, అదనం అడిగినప్పుడు కాగితం చూపించి సూపర్‌వైజర్‌తో మర్యాదగా మాట్లాడితే చాలు. రాసి లేకపోతే ఆ కుర్రాళ్ళు అడగడంలోనూ తప్పు లేదు, నిజంగానే సోఫాని నాలుగంతస్తులు మోసేది వాళ్ళే.

ఇక బక్షీసు. ఆరుగురు వచ్చి రోజంతా చేస్తే మనిషికి 300 నుంచి 500, సూపర్‌వైజర్‌కి ఒక 500 నుంచి 700. ఇక్కడ కూడా ఎవరిది వాళ్ళ చేతికే. మన దగ్గర మేస్త్రీ చేతిలో పెట్టడం అలవాటు, కానీ అందరూ చూస్తుండగా పేరు పేరునా ఇస్తే అందరి ముఖాలూ విప్పారతాయి. ఫోన్‌పేలో పంపమని అడిగినా ఇబ్బంది లేదు. వచ్చిన కొత్తలో మీకు ఇక్కడి ఫోన్ నంబరు, యూపీఐ సర్దుబాటు అయి ఉండకపోవచ్చు కాబట్టి 100, 200, 500 నోట్లు ముందే తెప్పించి పెట్టుకోండి. డాలర్లు ఇవ్వకండి. ఆ ఒక్క నోటు మార్చుకోడానికి అతను ఎక్కడికి పోతాడు? వచ్చిన వెంటనే చాయ్, మధ్యాహ్నం భోజనం లేదా బిర్యానీ పొట్లాలు. పెద్దవాళ్ళని 'అన్నా' అని, చిన్నవాళ్ళని 'బాబూ' అని పిలవండి. 'ఏయ్' అని పిలిచి ఐదొందలిచ్చే ఇంటికన్నా, కూర్చోమని నీళ్ళిచ్చి రెండొందలిచ్చే ఇంటి గురించే వాళ్ళు మంచిగా చెప్పుకుంటారు. బయటి దేశంలో లోడర్‌కి 'థాంక్యూ సర్' అని, ఇక్కడ హమాలీని కసురుకునేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. మోసేది అదే సోఫా.

ఇక మామూళ్ళ సంగతి. కస్టమ్స్ దగ్గరికి మీరు ఒరిజినల్ పాస్‌పోర్టుతో వెళ్ళాల్సి రావచ్చు. అక్కడ ఎవరైనా, ముఖ్యంగా క్లియరింగ్ ఏజెంటు తరపు మనిషి, 'ఆఫీసు ఖర్చులు' అంటూ రసీదు లేని డబ్బు అడిగితే ఇవ్వకండి. సుంకం పడితే చలానా ఉంటుంది, ఏజెంటు ఫీజుకి ఇన్‌వాయిస్ ఉంటుంది, గోడౌన్ అద్దెకి బిల్లు ఉంటుంది. ఈ మూడింట్లో దేనికిందికీ రానిది టిప్పు కాదు, లంచం. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం ఇచ్చినవాళ్ళది కూడా నేరమే, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్తేనే రక్షణ. కస్టమ్స్ కేంద్ర శాఖ కాబట్టి ఫిర్యాదు సీబీఐకి చేయవచ్చు. మీ కాగితాలు సరిగ్గా ఉంటే, ఇన్వెంటరీలో, అంటే సామాను జాబితాలో, టీవీ, ఫ్రిజ్ లాంటివి దాచకుండా రాస్తే, అడిగేవాడికి సందే దొరకదు.

మీ పోస్టు కింద ఇంకొందరు వేరే దేశాల గురించి అడిగారు, క్లుప్తంగా చెప్తాను. కెనడాలో అమెరికా లెక్కే, మనిషికి 20 నుంచి 50 కెనడా డాలర్లు. ఇంగ్లండులో తప్పనిసరి ఏమీ కాదు, బాగా చేస్తే మనిషికి 10, 20 పౌండ్లు, మధ్యమధ్యలో టీ, బిస్కెట్లు కావాలా అని వాళ్ళని తప్పక అడగాలి. జర్మనీలో 10, 20 యూరోలు, నీళ్ళు, కాఫీ. ఆస్ట్రేలియా, సింగపూర్లలో ఎవరూ ఆశించరు, చల్లటి డ్రింకులు చాలు. జపాన్‌లో డబ్బు చేతికిస్తే ఇబ్బంది పడతారు, చాలామంది తీసుకోరు, సీసా టీలు ఇవ్వండి. హైదరాబాద్ నుంచి సిడ్నీకి పోయేవాళ్ళు ఇక్కడ ప్యాక్ చేసిన కుర్రాళ్ళకి ఇక్కడి పద్ధతిలో ఇచ్చి, అక్కడ అక్కడి పద్ధతి పాటిస్తే సరిపోతుంది.

చివరిగా మీరడిగిన చిన్న ప్రశ్న: టిప్పు ఇచ్చాక ఇక్కడ పెట్టె విప్పితే వస్తువు పగిలి ఉంటే ఏం చేయాలి? టిప్పుకీ క్లెయిమ్‌కీ సంబంధం లేదు. నిర్మొహమాటంగా క్లెయిమ్ వేయండి, ఆ డబ్బు కుర్రాళ్ళ జీతంలోంచి కాదు, ఇన్సూరెన్సు నుంచి వస్తుంది. డెలివరీ రోజు పెట్టెల నంబర్లు కొట్టేసుకునే షీటు మీద, సంతకం పెట్టే ముందే, ఏ నంబరు పెట్టె నలిగిందో, ఏది రాలేదో రాయండి, ఫోటో తీయండి. మీరు సొంతంగా సర్దిన పెట్టెల మీద ఇన్వెంటరీలో 'పీబీఓ' (ప్యాక్డ్ బై ఓనర్, అంటే యజమాని సర్దినది) అని ఉంటుంది, వాటిలో పగిలినవాటికి మామూలుగా పరిహారం రాదు. అందుకే దేవుడి విగ్రహాలు మీరే సర్దుకున్నా, పూజగదిలోని గాజు పటాలు, పెద్ద ఇత్తడి దీపాలు మాత్రం ఆ ప్యాకర్ చేతే కట్టించండి.